మోగని బంగారం

వికారాబాద్ ట్రావెలర్స్ బంగళాలో దిగిన ఆ సైంటిస్ట్ చాలా తీరుబడిగా చచ్చిపోయాడు.

ఒంటి మీద తూటా గాయం లేదు. గొంతు మీద వేలి గుర్తు లేదు. కడుపులో విషం లేదు. మొదట వాంతులు చేసుకున్నాడు. మర్నాడు కాస్త తేరుకుని, ఉప్మాలో జీడిపప్పు తక్కువైందని వంటవాణ్ణి కసిరాడు కూడా. ఆ తర్వాత నోట్లో పుండ్లు లేచాయి. దువ్వెనకు కుచ్చులుగా జుట్టు వచ్చింది. ముక్కులోంచి రక్తం ఆగలేదు. డాక్టర్ కలరా అన్నాడు, టైఫాయిడ్ అన్నాడు, చివరికి దేవుడి దయ అన్నాడు. దేవుడికి దయ కలిగేసరికి వారం పట్టింది.

అది 1961, ఎండాకాలం. వికారాబాద్ స్టేషన్ ఫస్ట్ క్లాస్ వెయిటింగ్ రూమ్‌లో నల్ల కళ్లద్దాల మనిషి ఒకడు పేపర్ చదువుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"తాండూరు కందులు ఈసారి ఎలా ఉన్నాయి?"

"పప్పు మంచిదే. ఉడకడమే ఆలస్యం," అన్నాడు ఎదురు కుర్చీలో కూర్చున్నవాడు.

కోడ్ సరిపోయింది. పేపర్ మడిచిన మనిషి చీఫ్. ఎదుటివాడు ఏజెంట్ యోబు. పూడూరులో పుట్టాడు. పటాలంలో రాటుదేలాడు. అబద్ధాలు మాత్రం డిపార్ట్‌మెంట్‌లో నేర్చుకున్నాడు. ఈ పూట కందుల బ్రోకర్ వేషం. ధోతీ, నల్లకోటు, భుజాన తోలు కేసులో ట్రాన్సిస్టర్ రేడియో. ఆ రేడియోలో సిలోన్ రాదు, ఢిల్లీ రాదు. అది గైగర్ కౌంటర్.

చీఫ్ ఒక ఉంగరం తీసి టేబుల్ మీద పెట్టాడు. "పోయినవాడి వేలిది. విను."

యోబు రేడియో మీట తిప్పి ఉంగరం దగ్గరికి జరిపాడు. టిక్. టిక్ టిక్. టిక్.

"బంగారం మోగుతుందా సార్?"

"దాని గుండా న్యూట్రాన్లు పోతే మోగుతుంది. హైడ్రోజన్‌కు ఇద్దరు బరువైన అన్నలున్నారు. డ్యుటీరియం, ట్రిటియం. ఒకదాన్ని హైవోల్టేజీతో తోసి రెండోదానికి ఢీకొట్టిస్తే న్యూట్రాన్ పుడుతుంది. దానికి కరెంటు చార్జి లేదు. రాయిని దాటుతుంది, ఇనుమును దాటుతుంది. విదేశీ ముఠా ఒకటి ఆ మెషీన్‌ను ట్రంకుపెట్టెలో పట్టేంత చేసింది. ఆ ట్రావెలర్స్ బంగళా గోడ అవతల పెట్టి మొదటి మనిషిని చంపింది."

"మరి దాన్ని ఏది ఆపుతుంది?"

"నీళ్లు. నీళ్లలోని మామూలు హైడ్రోజన్‌ను గుద్దుకుని గుద్దుకుని నీరసపడుతుంది. మనిషి కూడా చాలావరకు నీళ్లే కదా. అందుకే వచ్చి మనిషిలో ఆగుతుంది." చీఫ్ ఉంగరాన్ని రుమాల్లో చుట్టాడు. "ఆగినచోట ఉప్పును మారుస్తుంది, లోహాన్ని మారుస్తుంది. అలా పుట్టిన కొత్త అణువులకు ఆయుష్షు తక్కువ. వెండిలోవి నిమిషాల్లో చస్తాయి. ఒంట్లోని ఉప్పు ఒకటి రెండు రోజులు మోగుతుంది. బంగారం రెండు మూడు వారాలు. ఆపైన సాక్ష్యం ఉండదు. శవం ఒక్కటే ఉంటుంది."

"మెషీన్ దగ్గరికి కౌంటర్ తీసుకుపోతే?"

"నోరు మూసుకుని ఉంటుంది. ట్రిటియం కిరణం కాగితాన్ని కూడా దాటదు. మెషీన్ ఆన్ చేస్తేనే అరుపు. అప్పటికి ఎదురుగా ఉన్నవాడి పని అయిపోతుంది." చీఫ్ లేచాడు. "హైదరాబాద్ మీటింగ్ ముగించుకుని మన అణు సైంటిస్టులంతా ఒకే స్పెషల్ బోగీలో బొంబాయి వెళ్తున్నారు. ఎల్లుండి ఈ లైన్‌లోనే. ముఠాకు కావలసింది ఆ బోగీ. మెషీన్ తాండూరు రాళ్ల గనుల్లో ఉందని అనుమానం. అక్కడ మన ఏజెంట్ ఉంది. కోడ్ పేరు పాలిష్."

*

పాలిష్ అసలు పేరు సుమిత్రమ్మ. తాండూరులో బండల గని లీజుదారు భార్య. ఆ లీజుదారు ఎప్పుడూ బొంబాయిలోనే ఉంటాడు, ఎందుకంటే అలాంటి మనిషే లేడు. మొగుణ్ణి డిపార్ట్‌మెంట్ పుట్టించింది. మెడలో బంగారు గొలుసు, పుస్తెలు, కాళ్లకు వెండి పట్టీలు కూడా డిపార్ట్‌మెంట్ కొనిచ్చినవే. షిఫాన్ చీర కట్టి, నల్ల కళ్లద్దాలు పెట్టి, తనే జీపు నడుపుకుంటూ పోతుంటే నాపరాళ్లు చెక్కేవాళ్ల ఉలి దెబ్బ తప్పేది.

"ఇక్కడేం లేదు యోబుగారూ," అంది నిమ్మరసం అందిస్తూ. "ప్రొఫెసర్ అని ఒక తెల్లాయన వస్తుంటాడు. తమ దేశానికి బండలు కొంటాడట. బేరం తప్ప ఇంకో మాట మాట్లాడడు. నేను కన్నేసి ఉంచాను. మీరు నిశ్చింతగా కందులు కొనుక్కోండి."

అంత అందంగా భరోసా ఇచ్చేవాళ్లను నమ్మకూడదని యోబుకు తెలుసు. అందుకే ఆ గనిలోనే పనిచేసే మనిషి దగ్గరికి వెళ్లాడు. ఆ మనిషి అతని సొంత అక్క భాగమ్మ. ఈ సంగతి డిపార్ట్‌మెంట్‌కు అతనెప్పుడూ చెప్పలేదు.

భాగమ్మ బావి దగ్గర బిందె దించి, తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "ఏందిర యోబు, గీ ఏసం? కందులమ్మెటోనివైనవా?"

"నెమ్మదిగ అక్క. నీతోని పనుంది. మీ గనిల తెల్లోడు తిరుగుతుండట గద. ఏడ కూసుంటడు, ఏం జేస్తడు, జర చూసి చెప్తవా?"

ఆమె భర్త కిష్టప్ప అరుగు మీద ఉలి నూరుకుంటున్నాడు. మొహం చిట్లించాడు. "సర్కారు పనులు మా ఇంటికెందుకు తెస్తవ్ బామ్మర్ది? ఆడమనిషికేమన్న అయితే?"

"నువ్వూకో," అంది భాగమ్మ. "నా తమ్ముడు గింతప్పటిసంది నన్నేదన్న అడిగిండా? చూసొస్తె నా సొమ్మేంబోతది."

యోబుకు ఆ మాట వినగానే సంతోషమేసింది. తర్వాత జీవితమంతా ఆ సంతోషానికి తనను తాను తిట్టుకున్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం భాగమ్మను కిష్టప్ప భుజం పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాడు. గడప దాటకముందే వాంతి చేసుకుంది. మొహం, చేతులు ఎండకు కాలినట్టు ఎర్రగా కందిపోయాయి. పొద్దుటి నుంచి ఆమె పనిచేసింది నీడలో.

"చూసిన తమ్మి," అంది గోడకు ఒరిగి. "పాత గుంతల బండలు దొంతి పెట్టిండ్రు. నడుమ బొక్క ఉంది, పెట్టెదో పెట్టిండ్రు. తెల్లోడున్నడు. నేను దొంగతనంగ చూస్తున్ననని తెల్వద్దని, గా దొంతికే ఈపు ఆనిచ్చి కూసోని రొట్టె తిన్న. లోపట గుయ్యిమని సప్పుడు. బువ్వ టైమంత గాన్నే కూసున్న."

యోబు రేడియో తీసి అక్క ఒళ్లో పెట్టాడు. "దీన్ని పొట్టకు ఆనిచ్చుకోని ముందుకు వంగు అక్క. ఇంక జర."

భాగమ్మ వంగింది. కౌంటర్ పెనంలో జొన్నలు పేలినట్టు మోగింది. ఆమె ఒంట్లోని ఉప్పు, నెత్తుట్లో చెమటలో ఉన్న ఉప్పంతా, ఒక్కో అణువే చస్తూ పలుకుతోంది.

"పాటలొస్తలేవేందిర నీ రేడియోల?"

"స్టేషన్ దొరుకుతలేదక్క."

కిష్టప్ప అతని మొహం చూశాడు. నడుముకు దోపుకున్న ఉలి తీసి అవతల పారేశాడు.

"పుస్తెలు జర తీసియ్యి అక్క. గవి గూడ చూడాలె."

అంత నీరసంలోనూ భాగమ్మకు కోపమొచ్చింది. "నీ నోరు పడ! మీ బావ బతికుండంగ పుస్తెలు తియ్యమంటవా? ఫాదర్ ముంగట కట్టినప్పటిసంది నా మెడల్నించి దిగలే. కానుపుల గూడ తియ్యలే. గియ్యాల నీ రేడియో కోసం తీస్తనా?"

యోబు బతిమాలలేదు. కౌంటర్‌నే ఆమె మెడ దగ్గర పెట్టాడు. చిన్న సిలువ, అటొకటి ఇటొకటి పుస్తెలు. టిక్ టిక్ టిక్. మేలిమి బంగారం, చక్కగా మోగింది.

కిష్టప్ప ఒక జీపు మాట్లాడి భాగమ్మను వికారాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఎక్కించేటప్పుడు ఒక్కటే మాట అన్నాడు. "బతుకుతదా?"

యోబు వృత్తిరీత్యా ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఆ ఒక్కటి మాత్రం నోటికి రాలేదు.

*

మర్నాడు, బోగీ రావలసిన రోజున, సుమిత్రమ్మ జీపు సర్రున వచ్చి ఆగింది. చీర చిరిగి ఉంది. కళ్లద్దాలు లేవు. జుట్టు చెదిరినా అందంగానే చెదిరింది.

"యోబుగారూ, ఘోరం జరిగింది! నా గుట్టు వాళ్లకు తెలిసిపోయింది. నిన్న గనిలో నుంచుని కూలీలతో మాట్లాడుతుంటే చెయ్యి పట్టి ఈడ్చుకెళ్లారు. ఆ మెషీన్ ముందు కూర్చోబెట్టారు. రాత్రంతా కట్టేశారు. ఇప్పుడే తప్పించుకొచ్చాను. మెషీన్‌ను లారీలో వికారాబాద్ పంపేశారు. బోగీని అక్కడే కొడతారు. మనం వెంటనే వెళ్లాలి!"

"అయ్యో. ఉన్నపళంగా పట్టుకుపోయారా?"

"ఉన్నదాన్ని ఉన్నట్టే."

"నగలు లాక్కోలేదా దొంగవెధవలు?"

"నగలు చూసే తీరిక వాళ్లకెక్కడిది? మెడలో ఉన్నవి మెడలోనే ఉన్నాయి. చూడండి, ఇవే."

యోబు ఆమెను కూర్చోబెట్టి కౌంటర్ ఒళ్లో పెట్టి వంగమన్నాడు. ఒంట్లో ఉప్పు మోగింది. భాగమ్మ అంత కాదు, కానీ మోగింది. సుమిత్రమ్మ చెంపల మీద కన్నీళ్లు జారాయి. "నేను చచ్చిపోతానా?" అంది.

"చూద్దాం," అంటూ అతను కౌంటర్ పైకెత్తి ఆమె పుస్తెల దగ్గర పెట్టాడు.

చప్పుడు పడిపోయింది. ఒంట్లోంచి వచ్చే సన్నటి టిక్కులే తప్ప బంగారం పలకలేదు. తులాల కొద్దీ గొలుసు, ఇంతింత పుస్తెలు, మూగగా వేలాడుతున్నాయి.

యోబు మీట కట్టేశాడు. సంగతంతా తేటగా అర్థమైంది. మెషీన్ ముందుకు ఈడ్చుకుపోతే ఒంటితోపాటు బంగారం కూడా మోగాలి. ఒళ్లు మోగి బంగారం మోగలేదంటే, ముందే తీసి పక్కన పెట్టిందన్నమాట. లేబరేటరీలో మొదట నేర్పే పాఠం అది. యంత్రం దగ్గరికి పోయే ముందు ఒంటి మీది లోహం తీసెయ్యాలి. ఈ ఊరి ఆడది చచ్చినా చెయ్యని పని కూడా అదే. ఒంట్లో ఉప్పు కౌంటర్‌కు దొరుకుతుందని సుమిత్రమ్మకు తెలుసు. అందుకే దానికి సరిపడా కథ అల్లుకొచ్చింది. పుస్తెల సంగతి తోచలేదు. కట్టినవాడే లేనప్పుడు, వాటిని తీయడం ఆమెకు గాజులు తీసినంత తేలిక. అలవాటుగా తీసింది, అలవాటుగా వేసుకుంది.

నిన్న భాగమ్మ దొంతికి వీపు ఆనించి రొట్టె తింటుంటే, గొలుసు విప్పి పక్కన పెట్టి మెషీన్ మీట తిప్పింది ఈ చెయ్యే.

"మీరు చాలా కష్టపడ్డారమ్మా," అన్నాడు యోబు. "పదండి, పోదాం."

*

జీపు వికారాబాద్ రోడ్డు ఎక్కలేదు. తిన్నగా తాండూరు స్టేషన్‌కు వచ్చింది.

"ఇక్కడికెందుకు?"

"బోగీ ముందు వికారాబాద్ దాటి ఇక్కడికొస్తుంది. ఇంజన్ నీళ్లు పట్టడానికి ఆగుతుంది. అక్కడ కన్నా ఇక్కడ చంపడమే సుళువు." అతను నవ్వుతూనే ఆమె చేతికి బేడీ వేశాడు. రెండో కొస తన చేతికి వేసుకుని, పైన కండువా కప్పాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అన్యోన్యమైన జంటలా ఉన్నారు.

ప్లాట్‌ఫాం పొడవునా వ్యాగన్లకు ఎక్కించాల్సిన నాపరాళ్ల దొంతులు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కో దొంతికి ఇనుప గొలుసు కట్టు. వాటిల్లో ఏదో ఒకటి బోలు. గోడ అవతల రాళ్లు కోసే రంపానికి పెట్టిన జెనరేటర్ గుడగుడమంటోంది. విప్పి చూడాలంటే గనిలోని కూలీలంతా రావాలి, సాయంత్రం కావాలి. రైల్వే పోలీసు అప్పుడే ప్లాట్‌ఫాం చివర జనాన్ని వెనక్కి జరుపుతున్నాడు.

"ఏ దొంతి?" అడిగాడు.

"నాకు తెలీదు."

"అయితే కాసేపు కూర్చుందాం. ఎండగా ఉంది."

మొదటి దొంతి మీద సుమిత్రమ్మ కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. రెండోదాని మీద కొంగుతో విసురుకుంది. అలా ఒక్కో దొంతి మీదా కూర్చోబెట్టి లేపుతూ, ఇంజన్‌కు నీళ్లు పోసే పెద్ద ఇనుప గొట్టం దాకా తీసుకొచ్చాడు. దాని పక్క దొంతి దగ్గర ఆమె పట్టీల చప్పుడు ఆగిపోయింది.

"ఇక్కడ కూడా ఒకసారి," అన్నాడు యోబు.

"నీడకు పోదాం యోబుగారూ. కళ్లు తిరుగుతున్నాయి."

"అందుకే కూర్చోమంటున్నా." తన చేతి బేడీ విప్పి, దాన్ని దొంతి గొలుసుకు తగిలించి తాళం వేశాడు.

దూరంగా రైలు కూత. సుమిత్రమ్మ పెదవులు ఎండిపోయినా, ఇంకా బింకంగానే ఉంది. ఎదురుగా వెయిటింగ్ రూమ్ కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపింది. అక్కడ తెల్ల టోపీతో ప్రొఫెసర్ కూర్చుని ఉన్నాడు. ముందు కెమెరా పెట్టె లాంటిదేదో ఉంది.

"స్విచ్ ఆయన చేతిలో ఉంది. నేనిక్కడ ఉండగా నొక్కడు. నేను ఆయనకు..." ఆగింది. "నొక్కడు."

ఇంజన్ పొగలు కక్కుతూ వచ్చి గొట్టం కింద ఆగింది. స్పెషల్ బోగీ దాని వెనకే ఉంది. బోగీ కిటికీలు సరిగ్గా దొంతి ఎదురుగా నిలిచాయి. లోపల పెద్దమనుషులు టీ తాగుతున్నారు.

ప్రొఫెసర్ కిటికీలోంచి సుమిత్రమ్మను చూశాడు. బోగీని చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. తర్వాత మర్యాదగా టోపీ తీసి, కిటికీ తెర లాగేశాడు.

బండల లోపల గుయ్యిమని మొదలైంది. యోబు భుజాన కౌంటర్ ఒక్కసారిగా చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"తాళం తియ్యి!" సుమిత్రమ్మ గొలుసు గుంజుతూ కేకలు పెట్టింది. "నొక్కేశాడు! నొక్కేశాడు! నీ కాళ్లు మొక్కుతా, తాళం తియ్యి!"

తాళంచెవి జేబులోనే ఉంది. తీయడానికి ఒక్క క్షణం చాలు. యోబు ఆ క్షణాన్ని ఆమెకివ్వలేదు. అక్క రొట్టె తిన్నంతసేపు ఈమె అక్కడే నిలబడి చూసింది. అతనికి అదే గుర్తుంది.

ఎగిరి ఇనుప గొట్టాన్ని పట్టుకున్నాడు. ఇంజన్ మీది ఫైర్‌మన్ "ఏయ్, ఏం జేస్తున్నవయ్యా!" అని అరిచేలోపల దాన్ని దొంతి వైపు తిప్పి, వేలాడే సంకెల గుంజాడు. టాంకీలోని నీళ్లన్నీ ఒక్క పెట్టున రాళ్ల మీద పడ్డాయి. సందుల్లోకి, బోలులోకి, హైవోల్టేజీ తీగల్లోకి దూరాయి. ఢాం అని పేలింది. నీలం మంట ఒకటి తీగ వెంబడి వెయిటింగ్ రూమ్ దాకా పరుగెత్తింది. తెర వెనక నుంచి చిన్న కేక వినిపించి ఆగిపోయింది. తర్వాత వెళ్లి చూస్తే ప్రొఫెసర్ వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది. మిగతా మనిషి మాత్రం ఉపయోగపడే స్థితిలో లేడు.

బోగీ కిటికీలోంచి ఒక సైంటిస్ట్ తల బయటపెట్టాడు. "టీలో నీళ్లు పడ్డాయి! ఈ స్టేషన్‌కు స్టేషన్ మాస్టర్ లేడా?" అని కోప్పడ్డాడు.

సుమిత్రమ్మ తడిసి ముద్దై, దొంతిని అంటిపెట్టుకునే కూర్చుంది. యోబు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముందు కాళ్ల దగ్గర కౌంటర్ పెట్టాడు. వెండి పట్టీలు కీచుమని ఏడ్చాయి. అతను చూస్తుండగానే ఆ ఏడుపు సన్నగిల్లుతూ పోయింది. తర్వాత మెడ దగ్గర పెట్టాడు.

టిక్ టిక్ టిక్ టిక్.

"ఈసారి తీయడానికి టైం దొరకలేదు కదూ," అన్నాడు. "ఇప్పుడు నమ్ముతా. మా ఊరి ఆడవాళ్ల పుస్తెలు ఇలాగే మోగుతాయి."

*

వికారాబాద్ ఆస్పత్రిలో సుమిత్రమ్మను పోలీసు కాపలాతో వేరే గదిలో పెట్టారు. భాగమ్మ జనరల్ వార్డులో, గోడ పక్క మంచం మీద ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది, ఊడిన జుట్టు కనపడకుండా. యోబు వస్తే కిష్టప్ప మొహం తిప్పుకుని బయటికి పోయాడు.

"దొరికిండ్రా తమ్మి నీ దొంగలు?"

"దొరికిండ్రు అక్క. నీ పుస్తెలే పట్టిచ్చినయ్."

"మరి తియ్యమంటివి! తీస్తె ఏమైతుండె?" పుండ్లు పడిన పెదవులతోనే నవ్వింది. ఆ నవ్వుకు పెదవి చిట్లి రక్తం వచ్చింది. యోబు గుడ్డతో అద్దాడు. అతని కళ్లలో నీళ్లు చూసి ఆమే ఓదార్చింది. "ఏడ్వకు. గంత పెద్ద సర్కారోనివి, ఏడుస్తె మందేమంటరు? నేను చూడక ఇంకెవరు చూస్తుండె నీకు?"

ఆ వారంలోనే ఆమె పోయింది. పుస్తెలను కిష్టప్ప తియ్యనివ్వలేదు. పెట్టెలో పడుకోబెట్టాక యోబు చివరిసారి కౌంటర్‌ను అక్క మెడ దగ్గర పెట్టాడు. బంగారం ఇంకా మోగుతోంది. ఆమెకన్నా దానికే ఆయుష్షు ఎక్కువ.

వికారాబాద్ స్టేషన్‌లో అదే వెయిటింగ్ రూమ్. చీఫ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ రిపోర్ట్ చదివి వినిపించాడు. "మెషీన్ స్వాధీనం. విదేశీయుడు మృతి. డబుల్ ఏజెంట్ అరెస్ట్, బతికే అవకాశం తక్కువ. సైంటిస్టులు క్షేమం. మనవైపు ప్రాణనష్టం లేదు. శభాష్ యోబూ. ఏమైనా సవరణలున్నాయా?"

"మనవైపు ఒక ఏజెంట్ పోయింది సార్."

"ఎవరు? మన రికార్డుల్లో లేదే?"

"ఉండదు సార్," అన్నాడు యోబు, రేడియో భుజానికెత్తుకుంటూ. "నిజం చెప్పేది. మన రికార్డుల్లో అలాంటివాళ్లను ఎప్పుడు రాశారు గనక?"